పుట్టిన బండ

తాండూరులో ఆడవాళ్ళు పొద్దున్నే ఇల్లు తుడిచేటప్పుడు తడిగుడ్డ కొన్ని బండల దగ్గర కాసేపు ఆగుతుంది. గుడ్డ పక్కన పెట్టి అరచెయ్యి ఆనించి చూస్తారు. బండ వెచ్చగా ఉంటే దాని మీద పుట్టిన మనిషికి ఎక్కడో జ్వరం. చెమ్మగా ఉంటే ఏడుస్తున్నట్టు. జిల్లుమంటే కడుపుకు తిండి లేనట్టు. గనిలోంచి తీసిన నాపరాయి ఇంట్లో పరిచి దాని మీద కాన్పు అయితే ఆ రాయికీ ఆ మనిషికీ పొత్తు కుదురుతుంది. ఎందుకని ఎవరూ అడగరు, బెల్లం ఎందుకు తియ్యగా ఉందని అడగనట్టే. గాండ్ల అంజిలయ్య తల్లి ఒకసారి బండ కాలుతోందని ఉన్నపళంగా షోలాపూరు బండెక్కి, మిల్లులో పనిచేసే కొడుక్కి కషాయం తాగించి వచ్చింది. తాలూకా కచేరీలో కూడా వయసు తగాదాలకూ వారసత్వం తగాదాలకూ బండ సాక్ష్యం చెల్లేది. దవాఖానాలో మంచం మీద పుట్టినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ క్షేమం తెలియాలంటే కార్డుముక్క రావలసిందే.

కురుమ కొండమ్మ ఇంట్లో నడిమి గదిలో రెండు బండలు పక్కపక్కన ఉండాలి. ఒకటే ఉంది. అది కూతురు హన్మమ్మ పుట్టిన బండ. కొడుకు బీరన్న పుట్టిన బండ ఉండాల్సిన చోట ఎర్రమట్టి మెత్తి పేడతో అలికి ఉంది. కొండమ్మ అలవాటు కొద్దీ అక్కడ కూడా చెయ్యి ఆనించేది. మట్టి ఏం చెపుతుంది.

ఆమె పెనిమిటి పేరు సాలెం. అరబ్బు దేశం నుంచి నిజాం రాజ్యంలో కాపలా కొలువులకు వచ్చినవాళ్ళను మన దిక్కు చావూసులనేవాళ్ళు. సాలెం బండల గని దగ్గర కాపలా ఉండేవాడు. కొండమ్మ యాలాల నుంచి గొంగళ్ళు నెత్తిన పెట్టుకుని తాండూరు అంగడికి వచ్చేది. నడి ఎండాకాలంలో సాలెం ఒక గొంగడి కొన్నాడు. మరుసటి అంగట్లో ఇంకొకటి కొన్నాడు. మళ్ళీ వచ్చి ఇంకొకటి బేరం చెయ్యబోతే, "నీకు చలిజ్వరమా, నాకోసం వస్తున్నవా, సక్కగ చెప్పు" అంది కొండమ్మ. నిఖా అయింది. ఆమె కులపోళ్ళు ఆ ఇంట్లో నీళ్ళు ముట్టలేదు గాని, ఆమె వడికిన ఉన్ని మాత్రం ముట్టారు. 1943లో కొడుకు పుట్టాడు. తండ్రి ఉమర్ అన్నాడు, తల్లి తన కులదేవుడి పేరున బీరన్న అంది. పిల్లవాడు రెండింటికీ పలికేవాడు.

జనార్దన్ రెడ్డి ఆ ఇంటికి వచ్చింది రజాకార్ల కాలంలో. బొంరాస్‌పేట దిక్కు పటేలు కొడుకు. కాంగ్రెసు జెండా ఎగరేసి పరారీలో ఉన్నాడు. సాలెం అతన్ని గనిలో పేర్చిన బండల వెనక దాచాడు. కొండమ్మ జొన్నరొట్టెలు గంపలో అడుగున పెట్టి, పైన పిడకలు కప్పి తీసుకుపోయేది. రజాకార్లు గనికి వచ్చి అడిగితే సాలెం నడుముకున్న జంబియా అనే వంకర బాకు మీద చెయ్యి వేసి, ఇక్కడ ఎవరూ లేరన్నాడు. తమవాడనుకున్న చావూసు మాట వాళ్ళు నమ్మారు. ఆ సంగతి బయటపడితే ముందు తెగేది సాలెం తలే.

బయటికొచ్చిన రోజు జనార్దన్ రెడ్డి కొండమ్మ చేతులు పట్టుకున్నాడు. "నువ్వు నాకు తోడబుట్టిన చెల్లెవు. వీనికి నేను మేనమామను" అని బీరన్నను ఎత్తుకున్నాడు. మాట మంచిదే. ఆ మాట అన్నప్పుడు అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే వచ్చిన తంటా. దొంగమాటైతే మనిషి పసిగడతాడు.

పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం పోయింది. బయటిదేశాల నుంచి వచ్చినవాళ్ళంతా పరదేశీలన్నారు. మరుసటి సంవత్సరం వానాకాలం పోతుండగా చావూసులను లారీల్లో ఎక్కించారు, బొంబాయిలో ఓడెక్కించడానికి. ఎవడు చంపినవాడు, ఎవడు కాపాడినవాడు అని లారీ అడగదు. కొండమ్మ జనార్దన్ రెడ్డికి కబురు పెట్టింది. ఆ రోజు ఆయనకు హైదరాబాదులో మీటింగు ఉంది. సాలెం పోయాడు. అప్పటికి కొండమ్మకు నెల తప్పింది. 1950 ఎండల్లో హన్మమ్మ పుట్టింది, అన్న పుట్టిన బండకు పక్క బండ మీద. రెంటి నడుమ వేలెడు సున్నం గీత. సాలెం పుట్టిన నేల సముద్రం అవతల ఉంది. అతను బతికున్నాడో లేడో చెప్పే రాయి కొండమ్మ దగ్గర లేదు.

సాలెం లాంటివాళ్ళ పిల్లలు తాండూరులో, వికారాబాదులో ఇంకా ఉన్నారు. తల్లి ఇక్కడిది, తండ్రి ఓడెక్కినవాడు. ఆ పిల్లలకు దేశం ఏది? ఎవరికీ తెలియదు. ఎన్నికలొచ్చినప్పుడు జనార్దన్ రెడ్డి వికారాబాదు సభలో బీరన్ననూ హన్మమ్మనూ రెండు చేతులతో ఎత్తి చూపించాడు. "ఈ నేల మీద పుట్టిన పిల్లలను పరదేశీలంటే మనం ఊకుంటమా? చట్టం చేయిద్దాం. నేను చేయిస్త" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ పిల్లల తల్లులందరూ ఆయనకే ఓటేశారు. గెలిచాడు.

ఢిల్లీలో పౌరసత్వం చట్టం తయారవుతోందని వార్త వచ్చిన రోజుల్లో ఆయన బండి కట్టించుకుని తాండూరు వచ్చాడు.

"చెల్లె, పెద్ద ఆఫీసర్లు వికారాబాద్ బంగ్లాకు వస్తున్నరు. గీ పిల్లలు ఈడనే పుట్టిన్రని సాక్ష్యం చూపియ్యాలె. బీరన్న బండ ఇయ్యి. వాళ్ళ ముంగట పెడత."

పక్కింటి బీరమ్మ గోడ అవతలి నుంచే అడ్డుపడింది. "అక్కా, పుట్టిన బండ గడప దాటియ్యొద్దే. కచేరీకైనా సరే, ఆఫీసర్ను ఇంటికే రమ్మనాలె."

"మేనమామ అడిగిండు" అంది కొండమ్మ. గడ్డపార తెచ్చి తనే పెకలించింది. ఒక మూల కొంచెం పెచ్చు లేచింది. ఎర్రంచు గొంగట్లో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి బండిలో పెట్టింది.

1955 చివర చట్టం వచ్చింది. జనార్దన్ రెడ్డి మెడలో దండతోనే ఆమె ఇంటి ముందు దిగాడు. "ముబారక్ చెల్లె. నీ పిల్లలు ఇద్దరు హిందుస్తాన్ పిల్లలే. ఫికర్ ఇడిచిపెట్టు." కొండమ్మ వాడంతా బెల్లం పంచింది. పంచుతూ పంచుతూ వెనక్కి వచ్చి, "మరి బండ?" అని అడిగింది.

"సర్కారు కాడ భద్రంగ ఉంది. వాపస్ ఇస్తరు."

తరువాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట. నేనే వికారాబాదుకు వస్త పటేలా అంటే, "నువ్వెందుకు గంత దూరం, నేనే తెస్త" అనేవాడు. కొండమ్మ నమ్మింది. ఎందుకు నమ్మదు? జొన్నరొట్టె తిన్న మనిషి.

బీరన్న పందొమ్మిదేళ్ళవాడయ్యాడు. తాండూరు స్టేషన్లో పట్టాల పని చేసే గ్యాంగులో కొలువుకు అర్జీ పెట్టుకున్నాడు. మనిషి గట్టివాడు, ఎంపికయ్యాడు. ఆనవాయితీ ప్రకారం పోలీసులు ఇంటికి వచ్చి విచారించారు. తండ్రి ఎవరు, ఎక్కడున్నాడు. బీరన్న ఉన్నది చెప్పాడు. వచ్చిన జమేదారు పెన్సిలు చెవిలో పెట్టుకుని, "నువ్వు పరదేశివి కదరా అయితే" అన్నాడు.

"చట్టం వచ్చింది గద సార్. ఈడ పుట్టినోళ్ళంత ఈడోళ్ళేనట."

"యాభై జనవరి ఇరవై ఆరు నుంచి పుట్టినోళ్ళు. అంతకు ముందు పుట్టినోనికి తండ్రి దేశమే దేశం. నీ చెల్లె మనది. నువ్వు కాదు."

కొండమ్మ రెండు మూడుసార్లు అడిగి చెప్పించుకుంది. తండ్రి భుజాల మీద ఎక్కి తిరిగినవాడు పరదేశి. తండ్రి ముఖం చూడనిది స్వదేశి. బీరమ్మ గోడ మీద గడ్డం ఆనించి, "ఒక్క కడుపుల రెండు దేశాలు పెట్టుకున్నవా అక్కా, మాకు చెప్పనే లేదు" అంది. కొండమ్మకు నవ్వు రాలేదు. బీరమ్మకు కూడా రాలేదు, ఊరికే అంది.

ఆ వారమే జనార్దన్ రెడ్డి ఏదో ప్రారంభోత్సవానికి తాండూరు వచ్చాడు. ప్రయాణికుల బంగళాలో వకీలుతో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కొండమ్మ గుమ్మంలో నిలబడింది.

"పటేలా, ఇద్దరు హిందుస్తాన్ పిల్లలే అన్నవు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మొత్తం గెలువలేకపోయినం చెల్లె. తారీఖు కాడ ఆగింది. సగం గెలిచినం అనుకోవాలె."

"ఆ ముచ్చట అప్పుడెందుకు చెప్పలే?"

"చెప్తే ఏడుస్తవని."

"ఏడిస్తే ఏమైతుండె?"

పక్కనున్న వకీలు కొత్తవాడు, ఎక్కడ నోరు మూసుకోవాలో ఇంకా నేర్వలేదు. "అప్పుడే తల్లి పేరు మీద దరఖాస్తు పెట్టుకుంటే అయిపోయేది కదమ్మా. పద్దెనిమిది నిండకముందు దానికి దారి ఉండె. ఇప్పుడు దాటిపోయింది" అన్నాడు. జనార్దన్ రెడ్డి అతని వైపు చూసిన చూపుకు చాయ్ చల్లారిపోయి ఉండాలి.

కొండమ్మ తిరిగి నడిచింది. తొవ్వ పొడుగునా ఒకటే లెక్క తేలింది ఆమెకు. నిజం చెప్పి ఉంటే తను ఒక రోజు ఏడ్చేది, మర్నాడు కచేరీకి పోయి కూర్చునేది. వేలిముద్ర వేసేది. ఏడిపించకూడదన్న దయతో ఆయన తన కొడుకు దారి మూసేశాడు. బెల్లం పంచిన చేతులను చూసుకుంటే ఆమెకు అసహ్యం వేసింది.

కొలువు రాలేదు సరే, పోలీసులు వచ్చారు. పరదేశి నమోదు చేసుకోకుండా ఇన్నాళ్ళున్నందుకు తప్పు, ఇక తండ్రి దేశానికి పొమ్మని ఆర్డరు. స్టేషన్లో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య కూర్చుని బీరన్న నవ్వే ప్రయత్నం చేశాడు.

"అమ్మా, ఆ దేశపు మాట నాకొక్కటి రాదు. ఓడ దిగంగనే వాళ్ళు గూడ నన్ను పరదేశి అంటరు సూడు."

"అన్నం మాత్రం మానకు కొడుకా" అంది కొండమ్మ. హన్మమ్మ అన్న చొక్కా పట్టుకుని వదల్లేదు. కానిస్టేబులే మెల్లగా వేళ్ళు విడదీశాడు. బొంబాయి బండి వాడి జంక్షన్ దిక్కు పోయింది.

ఆ తర్వాత కొండమ్మ రోజూ ఎర్రమట్టి మీద చెయ్యి ఆనించేది. తిన్నాడా, ఓడెక్కించారా, ఒళ్ళు కాలుతోందా. ఊళ్ళో ప్రతి తల్లికీ కాలికింద జవాబు ఉంది. ఆమెకు పేడ వాసన తప్ప ఏమీ తెలియలేదు.

కొన్నాళ్ళకు పొద్దుటి బండి దిగి ఒకామె వాకిట్లోకి వచ్చింది. పట్టంచు చీర నలిగి ఉంది, తల దువ్వుకోలేదు. జనార్దన్ రెడ్డి భార్య ఈశ్వరమ్మ. సభల్లో చూడడమే గాని ఈ ఇంటికి ఎప్పుడూ రాలేదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. ముట్టుకుని తాగింది.

"మా బిడ్డ రామమ్మ తొలి కాన్పుకు వచ్చింది. దవాఖానకు పోవాలని బండి కట్టేలోపలనే వసారల నొప్పులొచ్చినయి. ఆడనే కన్నది. మగపిల్లగాడు. మంచిగనే ఉండె. ఇప్పుడేమో పాలు పడ్తలేడు. రొమ్ము నోట్ల పెడితే మొఖం తిప్పుకుంటడు. కడుపు వీపుకంటింది. డాక్టర్లు ఏం రోగం లేదంటున్నరు. వాడు పుట్టిన బండ ముట్టి చూస్తే బావి అడుగు రాయి లెక్క ఉంది. పసిపోనికి గంత చలి ఎట్ల వస్తది? వేరే ఎవరిదో ఆకలి ఆ బండల ఉందని తెలిసిపోయింది నాకు."

కొండమ్మ చేతిలో చెంబు ఆగింది. ఒక బండ మీద ఇద్దరు పుడితే ఒకరి కడుపే ఇంకొకరి కడుపవుతుంది. అందుకే మంత్రసానులు తోడబుట్టినవాళ్ళను కూడా పక్క బండకు జరుపుతారు. ఇది అందరికీ తెలిసిందే.

"మేస్త్రి దేవప్పను పిలిచి అడిగిన. గా బండ మిగతా వాటితోటి రాలే అమ్మా అన్నడు. ఇల్లు కట్టేటప్పుడు షెడ్డుల ఒక్కటే పడి ఉండెనట. ఎర్రంచు గొంగట్ల చుట్టి ఉండె, ఒక మూల పెచ్చు లేచి ఉండె అన్నడు. తాండూర్ నుంచి పటేల్ తెచ్చిండన్నడు. మా ఆయన్ను అడిగితే తల దించుకున్నడు. నీ పేరు చెప్పిండు."

కొండమ్మ గుమ్మంలోంచి నడిమి గదిలోని ఎర్రమట్టి వైపు చూసింది. తర్వాత అడిగింది. "వదినా, ఇన్నేండ్లు గా బండ కాడ మీరేం చేసిన్రు?"

ఈశ్వరమ్మ అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "చెప్పులు ఇడిచెటోళ్ళం" అంది.

ఎండ అరుగు ఎక్కింది. కొండమ్మ చెంబు కింద పెట్టి, "అయితే నా కొడుకు బతికే ఉన్నడు. అన్నం ముడ్తలేడు. గంతే" అని లేచి చీర సర్దుకుంది. హన్మమ్మను బీరమ్మ ఇంట్లో వదిలి ఈశ్వరమ్మతో పాటు బండెక్కింది. ధారూరు దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నారు.

వికారాబాదులో ఆ ఇల్లు గొప్పగా ఉంది. వసారాలో గుమ్మం పక్కన ఉంది బండ. దాని మీద చెప్పుల అచ్చులు నున్నటి మచ్చలుగా పడ్డాయి. కొండమ్మ కొంగు తడిపి తుడిచింది. అరచెయ్యి ఆనించింది. చల్లదనం మోచెయ్యి దాకా పాకింది. ఎర్రమట్టి ఇన్నేళ్ళు దాచిన కొడుకు ఆ చలిలో ఉన్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.

జనార్దన్ రెడ్డి లోపలి నుంచి వచ్చి నిలబడ్డాడు.

"ఆఫీసర్లకు చూపిచ్చినవా?" అంది కొండమ్మ, తల ఎత్తకుండా.

"వాళ్ళు ఒక్క పూటనే ఉన్నరు. టైం దొరకలే. తర్వాత ఎలక్షన్లు, ఇంటి పని..."

"అమ్ముకున్నవా, మరి దాచిపెట్టినవా?"

"లేదు చెల్లె. యాది మరిచిన."

అమ్ముకున్నానంటే ఆమె తిట్టేది. శత్రువుకిచ్చానంటే కొట్టడానికైనా లేచేది. యాది మరిచిన మనిషిని ఏమనాలి? అక్కడ నిలబడ్డవాడు దొంగ కాదు, దుర్మార్గుడు కాదు, సభల్లో ఈనాటికీ పేదల పేరు చెపితే గొంతు వణికేవాడు. అతని జ్ఞాపకంలో ఆమె కొడుక్కి చెప్పులు విడిచేంత చోటు కూడా మిగల్లేదు.

ఈశ్వరమ్మ పసివాణ్ణి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. వాడు ఏడవడం కూడా మానేశాడు. "బొంబాయికి పో" అంది.

"గవర్నమెంట్ ఆర్డర్ ఉంది. గిప్పుడు నేను పోయి..."

"ఆ ఆర్డర్ల సంగతి నాకు తెల్వదు. ఓడ కదిలితే వీడు గూడ దాన్ల పోతడు."

ఆయన కొండమ్మ వైపు చూశాడు, అడుగుతుందేమోనని. అడిగితే ఆయన పోవడం ఆమె మీద దయ చూపినట్టవుతుంది. ఆమె అడగలేదు. పసివాణ్ణి ఆయన చేతుల్లోంచి తీసుకుని బండ మీద చతికిలబడి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. "వీడేం చేసిండు పాపం" అని తడి వేలు వాడి పెదాలకు రాసింది.

పోయాడు జనార్దన్ రెడ్డి. చట్టం మార్చడానికి ఎక్కని గడపలన్నీ ఇప్పుడు ఎక్కాడు. ఎవరెవరికి ఫోన్లు చేశాడో, ఎవరి కాళ్ళ దగ్గర కూర్చున్నాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కొండమ్మకు తెలిసింది ఒకటే. ఒక మధ్యాహ్నం ఆమె చేతికింద బండ మెల్లగా చలి వదిలింది. లోపలి గదిలో రామమ్మ "అమ్మా, పడ్తున్నడు" అని కేక వేసింది. బొంబాయి లాకప్పులో బీరన్న ముద్ద మింగాడన్నమాట. ఈశ్వరమ్మ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు, ఎవరి ఏడుపు వారిది.

బీరన్న తాండూరు స్టేషన్లో దిగినప్పుడు పెదాలు పగిలి ఉన్నాయి, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. "మామ వచ్చిండమ్మా. నాకోసం అంత దూరం వచ్చిండు. కటకటాల కాడ నిలబడి, తిను కొడుకా, తిను అని ఏడ్చిండు. తన చేతితోని తినిపిచ్చిండు. నేననుకోలే అమ్మా ఆయన గంత మంచోడని."

కొండమ్మ కొడుకు ముఖం చూసింది. ఆ వెలుగు ఉంచాలా ఆర్పాలా? ఏడుస్తాడని దాచితే తనూ ఆయనా ఒకటే. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. దరఖాస్తు సంగతి, తారీఖు సంగతి, చెప్పుల సంగతి, పసివాడి సంగతి. బీరన్న వింటూ వింటూ మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. లాకప్పులో ఏడవనివాడు అక్కడ ఏడ్చాడు. ఇంటికి వచ్చి కూడా ఏడ్చాడు.

మర్నాడు పొద్దుటి బండికి వికారాబాదు నుంచి జీతగాడు బిచ్చయ్య ఉరుక్కుంటూ వచ్చాడు. "పటేల్ అడగమన్నడు, బీరన్నకేం కష్టమొచ్చిందని. పిలగాడు నిన్నటిసంది ఊకుంటలేడు. ఎత్తుకుని ఎత్తుకుని ఇంటిల్లిపాది పరేషాన్ అయితున్నరు. వసార అంత తడి."

"ఏం కష్టం లేదు. ఉన్న ముచ్చట చెప్పిన. జర సేపు ఏడ్చి ఊకుంటరు, ఇద్దరు" అంది కొండమ్మ. "గాని గా బండ మీద ఎవ్వరు చెప్పులు ఇడవొద్దని చెప్పు."

బండ వెనక్కి తెచ్చుకోలేదామె. ఇద్దరిదైన రాయిని ఒకరింటికి తెస్తే ఇంకో తల్లి చెయ్యి గాలిలో ఉంటుంది. ఆ బాధ ఆమెకు తెలుసు.

చట్టం మారలేదు. బీరన్న పరదేశిగానే ఉన్నాడు, ఉండడానికి సంవత్సరానికోసారి పర్మిటు తీసుకుంటూ. బండల గనిలో పని చేసేవాడు. ఏటా పర్మిటు రోజున జనార్దన్ రెడ్డి వికారాబాదు కచేరీ దగ్గర ముందే వచ్చి నిలబడేవాడు. ఎండైతే గొడుగు పట్టేవాడు. భోంచేశావా, దగ్గేమన్నా ఉందా అని అడిగేవాడు. తారీఖు తీసెయ్యాలని ఇప్పుడు నిజంగానే ఢిల్లీకి ఉత్తరాలు రాసేవాడు. చూసినవాళ్ళు మేనమామంటే అట్లుండాలె అనేవాళ్ళు. బీరన్న ఆయనతో మర్యాదగా మాట్లాడేవాడు, మామా అని మాత్రం పిలవలేదు.

తక్కిన చావూసుల పిల్లల్లో ఆ తారీఖుకు ముందు పుట్టినవాళ్ళు ఒక్కొక్కరుగా పట్టుబడి బొంబాయి బండెక్కారు. వాళ్ళ కోసం ఎవరూ పోలేదు. వాళ్ళ తల్లులు తెలివైనవాళ్ళు, పుట్టిన బండలు ఎవరు అడిగినా ఇవ్వలేదు. అవి ఇంట్లోనే భద్రంగా ఉన్నాయి. పొద్దున్నే తడిగుడ్డ పక్కన పెట్టి వాళ్ళు చెయ్యి ఆనించి చూస్తారు, ఈ పూట కొడుకు ఎంత ఆకలితో ఉన్నాడో.